తప్పెవరిదో రోడ్డు మీద తేల్చకండి

హైదరాబాద్‌లో ఒక కారు ఇంకో కారుకు డ్యాష్ ఇస్తే తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఇద్దరూ దిగుతారు. గొంతులు లేస్తాయి. నలుగురూ పోగవుతారు, పెద్ద బండివాడిదే తప్పని వాళ్లలో సగం మంది చూడకుండానే తేల్చేస్తారు. బంపర్ సొట్ట చూసి ఒక ధర పలుకుతుంది, బేరం సాగుతుంది, ఫోన్‌లో డబ్బు పడుతుంది, వెనక హారన్లు మోగుతుండగా ఎవరి దారిన వాళ్లు పోతారు. నో క్లెయిమ్ బోనస్ పోకూడదని ఇన్సూరెన్స్ ఊసే ఎత్తరు. చిన్న గీతలకు ఇక్కడ ఇది నడిచే పద్ధతే, నేనేమీ వెక్కిరించను. ఉద్యోగం కోసం డాలస్‌కో స్టట్‌గార్ట్‌కో దుబాయ్‌కో వెళ్లినప్పుడు కూడా చెయ్యి ఇదే అలవాటుకు పోతుంది, చిక్కంతా అక్కడే. కారును ఒక్కో దేశం ఒక్కో తీరుగా చూస్తుంది. యాక్సిడెంట్ తర్వాత ఏం చేయాలన్నది ఆ తీరును బట్టే ఉంటుంది.

అమెరికా సంగతి ముందు చూద్దాం, మనవాళ్లు చాలామంది అక్కడ ఉన్నారు కాబట్టి. ఫ్రిస్కో, ప్లేనో లాంటి డాలస్ శివార్లలో కారు లేకపోతే పాలప్యాకెట్ తెచ్చుకోవడమూ కష్టమే. పదహారేళ్ల పిల్లల నుంచి ఎనభై ఏళ్ల వాళ్ల దాకా అందరూ నడుపుతారు. అందుకే గుద్దుకోవడం కూడా అక్కడ రోజువారీ వ్యవహారం. ఎవరూ అరవరు. దెబ్బలేమైనా తగిలాయా అని అడుగుతారు, ఇన్సూరెన్స్ కార్డు ఫోటో ఇచ్చిపుచ్చుకుంటారు, నవ్వుతూ వెళ్లిపోతారు. ఆ మర్యాద చూసి పని అయిపోయిందనుకోకండి. వారం తర్వాత మెడ నొప్పి అంటూ అదే మనిషి లాయర్ దగ్గరి నుంచి ఉత్తరం పంపించొచ్చు. అందులో మోసం ఉందనీ అనుకోనక్కర్లేదు. కొన్ని నొప్పులు ఆలస్యంగా తేలుతాయి, అక్కడి వైద్యం ఖర్చు లాయర్ లేకుండా తట్టుకునేది కాదు.

కాబట్టి ఎవరికైనా దెబ్బ తగిలితే 911కు ఫోన్ చేయండి. టెక్సస్‌లో అయితే కదిలే స్థితిలో ఉన్న కారును ఫ్రీవే లేన్‌లో వదిలేయకూడదు, పక్కకు తీయాలని చట్టమే చెబుతుంది. తీసే ముందు ప్రమాదం లేకుండా కుదిరితే రెండు ఫోటోలు తీసుకోండి. అవతలి కారు నంబర్ ప్లేట్, డ్రైవర్ లైసెన్స్, ఇన్సూరెన్స్ కార్డు, చూసినవాళ్ల ఫోన్ నంబరు కూడా కావాలి. మర్యాద కోసం ‘సారీ, నాదే పొరపాటు’ అనేస్తాం మనం, ఆ మాట మాత్రం అనకండి. ఏం జరిగిందో చెప్పండి చాలు, తప్పు ఎవరిదో, ఎంత శాతమో తేల్చేది ఇన్సూరెన్స్ కంపెనీలు, అవసరమైతే కోర్టు. టెక్సస్‌లో మీ తప్పు యాభై శాతం దాటిందని తేలితే మీకు రావాల్సిన పరిహారం పూర్తిగా పోతుంది, కాబట్టి ఆ శాతం చిన్న విషయం కాదు. అవతలివాళ్ల కంపెనీ ఫోన్ చేసి మీ మాటలు రికార్డు చేస్తామంటే మీరు ఒప్పుకోవాలన్న నిబంధన లేదు. మీ సొంత కంపెనీకి మాత్రం అదే రోజు చెప్పాలి, అడిగినవి ఇవ్వాలి. ‘పోలీసులెందుకు, రెండు వందల డాలర్లు క్యాష్ ఇస్తా’ అన్నవాడికి నమస్కారం పెట్టి రిపోర్టు రాయించుకోండి.

కొత్తగా వెళ్లినవాళ్లు దెబ్బతినేది ప్రమాదం రోజున కాదు, పాలసీ కొన్న రోజున. టెక్సస్‌లో చట్టం అడిగే కనీస కవరేజీ ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో మొత్తం గాయాలకు 60 వేలు, ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 25 వేలు. నెలకు కొన్ని డాలర్లు మిగులుతాయని మనవాళ్లు సరిగ్గా దీన్నే కొంటారు. రోడ్డు మీద తిరిగే కొత్త ఎస్‌యూవీల్లో చాలావాటి ధర ఆ 25 వేలకు పైనే. ఒక సర్జరీ, నాలుగు రోజుల ఆస్పత్రి కలిస్తే 30 వేలూ నిలవవు. పైబడినదానికి మీరే బాధ్యులు, అది మీ పొదుపు మీద పడొచ్చు. ఇన్సూరెన్స్ లేనివాడు మిమ్మల్ని గుద్దితే ఆదుకునే కవరేజీ వేరే ఉంటుంది. టెక్సస్‌లో కంపెనీ దాన్ని ఇవ్వజూపి తీరాలి, వద్దంటే మీరు రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టకండి. ఇంకో మాట. నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒకే కారును నలుగురూ నడుపుతుంటారు, పాలసీలో మాత్రం ఒక్కరి పేరే ఉంటుంది. క్లెయిమ్ దగ్గర పేచీ వచ్చేది అక్కడే.

వీసా భయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ భయంతోనే కొందరు ఆగకుండా వెళ్లిపోతారు. మామూలు యాక్సిడెంట్‌కూ హెచ్‌1బీకీ సంబంధం లేదు. ఆగకుండా వెళ్లిపోవడం మాత్రం నేరం, దానికి సంబంధం ఉంటుంది. తాగి నడిపి అరెస్టయితే పరిస్థితి ఇంకా కష్టం. కోర్టు తీర్పు రాకముందే, అరెస్టు ఒక్కదాని మీదే వీసా స్టాంపును రద్దు చేసే పద్ధతిని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి పాటిస్తోంది. అమెరికాలో ఉన్నంత కాలం ఆ ఒక్క కారణంతో మీ స్టేటస్ పోదు. చెల్లెలి పెళ్లికి ఇండియా వచ్చారంటే మాత్రం మళ్లీ కాన్సులేట్, మళ్లీ దరఖాస్తు, ఆపైన వైద్య పరీక్ష.

జర్మనీ దగ్గరికి వస్తే లెక్కంతా మారుతుంది. మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, పోర్షే పుట్టిన దేశం అది, ఆటోబాన్ మీద చాలాచోట్ల వేగానికి పరిమితే లేదు. అంత స్వేచ్ఛ ఇచ్చిన దేశం డ్రైవర్ మీద పెట్టిన బాధ్యత కూడా అంతే పెద్దది. ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేయనిదే అక్కడ లైసెన్స్ రాదు. కారులో ఫస్ట్ ఎయిడ్ పెట్టె, హెచ్చరిక త్రికోణం, మెరిసే జాకెట్ ఉండి తీరాలి. కళ్లముందు ప్రమాదం జరిగితే చేయగలిగిన సాయం చేయకుండా వెళ్లిపోవడం శిక్షాస్మృతిలో నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు. ట్రాఫిక్ నిలిచిపోయినప్పుడు ఎడమ చివరి లేన్‌లో ఉన్నవాళ్లు ఎడమకూ, మిగతా అందరూ కుడికీ జరిగి మధ్యలో అంబులెన్స్‌కు దారి వదలాలి. సైరన్ వినిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, కార్లు నెమ్మదించగానే జరగాలి.

మనవాళ్లు అక్కడ ఎక్కువగా ఇరుక్కునేది మాత్రం ఇంత పెద్ద విషయంలో కాదు, సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో. రివర్స్ తీస్తూ పక్క కారుకు గీత పెడతారు. ఓనర్ కనిపించడు. నిజాయితీగా ఫోన్ నంబర్ రాసి వైపర్ కింద పెట్టి ఇంటికి వెళ్తారు. ఇక్కడైతే ఆ మనిషిని మెచ్చుకుంటాం. జర్మనీలో ఆ చీటీ చాలదు. తగినంత సేపు అక్కడే ఎదురుచూడాలి, ఓనర్ రాకపోతే 110కి ఫోన్ చేసి పోలీసులకు చెప్పాలి. లేకపోతే ప్రమాదస్థలం నుంచి పారిపోయిన కేసు అవుతుంది, చట్టంలో మూడేళ్ల దాకా శిక్ష ఉంది. ఒక గీతకు ఇంతా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ అక్కడ కారు యజమానికి అదొక ఆస్తి, దాని మీద గీతకు కూడా కాగితం ఉండాలి. అలాగే ఇండియా లైసెన్స్ అక్కడ నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది. ఏడో నెలలో అదే లైసెన్స్‌తో నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే, అదీ నేరమే. తప్పు అవతలివాడిదైతే మాత్రం మీకు అక్కడ మంచి హక్కు ఒకటి ఉంది. నష్టం అంచనా వేయడానికి మీకు నచ్చిన నిపుణుణ్ని మీరే పెట్టుకోవచ్చు, మరీ చిన్న సొట్ట కాకపోతే ఆ ఫీజు అవతలి ఇన్సూరెన్స్ కడుతుంది. వాళ్ల కంపెనీ ‘మా మనిషిని పంపిస్తాం’ అంటే వెంటనే సరే అనకండి.

పెద్ద బండిదే తప్పు అన్న మన రోడ్డు తీర్పును చట్టంగా రాసుకున్న దేశం కూడా ఒకటుంది, నెదర్లాండ్స్. కారు వెళ్లి సైకిల్‌కో, నడిచేవాళ్లకో తగిలితే సాధారణంగా నష్టంలో కనీసం సగం కారు వైపే పడుతుంది. దెబ్బ తగిలింది పద్నాలుగేళ్లలోపు పిల్లలకైతే దాదాపు మొత్తం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆఫీస్ కారు తీసుకునేవాళ్లు కుడివైపు తిరిగే ప్రతిసారీ పక్కన సైకిల్ దారి చూసుకోవాలి.

ఆఫీసుకు వెళ్లే దారిలో యాక్సిడెంట్ అయితే అది ఎవరి ఖాతాలో పడుతుందన్నది ఉద్యోగులు అడగాల్సిన అసలు ప్రశ్న, ఎవరూ అడగరు. జర్మనీలో ఇంటి నుంచి ఆఫీసుకు నేరుగా వెళ్లే దారి కూడా పనిలో భాగమే. ఆ దారిలో గాయపడితే యజమానులు ప్రీమియం కట్టే చట్టబద్ధ ప్రమాద బీమా వైద్యం చూసుకుంటుంది. పిల్లవాణ్ని కిండర్‌గార్టెన్‌లో దింపడానికి చుట్టు తిరిగినా ఫరవాలేదు, షాపింగ్‌కు పక్కకు తిరిగితే మాత్రం ఆ కవరేజీ తెగిపోతుంది. దీనికోసం మీ మామూలు డాక్టర్ దగ్గరికి కాకుండా పని ప్రమాదాలకు ప్రత్యేకంగా నియమించిన డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆస్పత్రి కౌంటర్‌లో ‘పనికి వెళ్తూ జరిగింది’ అన్న మాట మొదటే చెప్పండి. కారు సొట్టకు ఇది వర్తించదు, మనిషికే.

అమెరికాలో దీనికి తలకిందులు. ఇంటికీ ఆఫీసుకూ మధ్య దారి సాధారణంగా మీ సొంత వ్యవహారం. క్లయింట్ దగ్గరికి వెళ్తూ, కంపెనీ పని మీద తిరుగుతూ జరిగితే వేరే సంగతి. టెక్సస్‌లో అయితే ప్రైవేటు కంపెనీ వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో గాయపడిన ఉద్యోగుల బీమా) తీసుకోవాలన్న నిర్బంధమే లేదు. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్లు ఆఫర్ లెటర్‌లో జీతం చూసినంత శ్రద్ధగా ఇదొకటి అడిగి తెలుసుకోవాలి.

ఈ విషయంలో మన దేశం జర్మనీకే దగ్గరగా ఉందంటే ఆశ్చర్యపోతారు. పనికి వెళ్తూ, వస్తూ జరిగే ప్రమాదాన్ని, పనితో దానికి సంబంధం కనిపిస్తే, ఉద్యోగంలో జరిగినదిగానే చూడాలని 2010లోనే ఈఎస్ఐ చట్టంలో చేర్చారు. ఉద్యోగుల పరిహార చట్టంలోనూ అదే అర్థం తీసుకోవాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. చక్కెర ఫ్యాక్టరీలో కాపలా డ్యూటీకి బయల్దేరి దారిలో చనిపోయిన ఒక మనిషి కుటుంబం వేసిన కేసు అది. ఇంత ఉన్నా మన ఆఫీసుల్లో ‘రోడ్డు మీద జరిగితే కంపెనీకేం సంబంధం’ అన్న మాటే వినిపిస్తుంది. షిఫ్ట్ సమయం, దారి, ప్రమాదం జరిగిన చోటు రాసి అదే రోజు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు డ్రైవర్లుగా వెళ్లే తమ్ముళ్లకు కారు సొంతది కాదు, రూల్స్ మాత్రం వాళ్ల మెడకే. ఎమిరేట్స్‌లో పోలీస్ రిపోర్టు లేనిదే గ్యారేజీ కారు ముట్టుకోదు, అది చిన్న గీతైనా సరే. సౌదీలో ఇన్సూరెన్స్ ఉన్న బండ్ల మామూలు ప్రమాదాలకు నజ్మ్ అనే సంస్థ మనిషి వచ్చి చూసి రిపోర్టు రాస్తాడు. అక్కడ రాజీ బేరానికి దిగొద్దు. తాళాలు తీసుకున్న మొదటి రోజే ఇన్సూరెన్స్ కాగితం, గడువు తేదీ ఫోటో తీసి ఇంటికి పంపండి. ఎమిరేట్స్‌లో ప్రమాదంలో ఎవరైనా చనిపోతే వాళ్ల కుటుంబానికి చెల్లించాల్సిన దియా (రక్త పరిహారం) 2 లక్షల దిర్హమ్‌లు. ఇన్సూరెన్స్ లేని బండిలో ఆ మొత్తం ఎవరి మీద పడుతుందో ఊహించుకోండి. కఫీల్ (స్పాన్సర్ యజమాని) కొడుకు గుద్దిన కారుకు ‘నేనే నడిపా’ అని చెప్పమంటే ఒప్పుకోకండి. అరబీ కాగితం చదివించుకోకుండా సంతకం పెట్టకండి. ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి, ప్రమాద మరణానికి కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. ఆ పాలసీ కాపీ ఇంట్లో భార్య దగ్గరో తల్లి దగ్గరో ఉండాలి, మీ పెట్టెలో కాదు.

ఇక ఇంటి దగ్గర జరిగితే. గీత, సొట్ట వరకు మీ ఇష్టం. మనిషికి దెబ్బ తగిలిందా, బేరం మాట మర్చిపోండి. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు 24 గంటల్లోపు చెప్పడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కింద డ్రైవర్ బాధ్యత. మన చట్టానికి మన రోడ్డు బాగా తెలుసు. గుంపు కోపం వల్ల ఆగలేకపోతే ఆ సాయం విషయంలో మినహాయింపు ఉంటుందని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. జనం మీదికొస్తుంటే నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, దారిలోనే 108కి, 112కి ఫోన్ చేయండి. ఇంటికి మాత్రం వెళ్లొద్దు. ప్రమాదం చూసి సాయం చేసినవాళ్లను కేసులతో వేధించకుండా 2019 సవరణ రక్షణ ఇచ్చింది. 2025లో వచ్చిన పథకం కింద ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేయాలి. ‘ముందు డబ్బు కట్టండి’ అంటే ఈ పథకం పేరు చెప్పి అడగండి.

పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. దాన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. మీరు మాత్రం ఆ గడువు ఉన్నట్టే లెక్కేసుకోండి. ఆరు నెలలు మొదలయ్యేది ప్రమాదం జరిగిన రోజు నుంచి, ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయిన రోజు నుంచి కాదు.