ఎర్రనీరు రాకముందే పడవ బల్లలు మార్చుకోండి

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య లంకల్లో సేద్యం చేసే రైతుకు ఎడ్లబండి ఎంతో పడవా అంతే. అరటి గెలలు, కొబ్బరికాయలు, పశువుల మేత, ఎరువు బస్తాలు, కూలీలు... అన్నీ దానిమీదే ఏరు దాటాలి. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన పెద్ద వరదల్లో ఎన్నో లంక ఊళ్లకు పడవే దిక్కయింది. పడవ అడుగున చెమ్మ ఊరితే వెంటనే సందులు పూడ్పిస్తాం. కూర్చునే అడ్డబల్లల సంగతి మాత్రం అవి విరిగేదాకా పట్టించుకోం.

"బల్లే కదా, ఏదో ఒక చెక్క కొట్టేస్తే సరిపోతుంది" అనుకోవడం పొరపాటు. అడ్డబల్ల కూర్చోడానికి మాత్రమే కాదు. ఇంటి గోడలకు దూలం ఎలాంటిదో పడవ రెండు పక్కలకూ అది అలాంటిది. పక్కలు విచ్చుకుపోకుండా, లోపలికి నొక్కుకుపోకుండా పట్టి ఉంచుతుంది. ఏటి మధ్యలో బల్ల విరిగితే దానిమీద ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ఒకే పక్కకు ఒరుగుతారు. పడవ తిరగబడడానికి అంత చాలు. కాబట్టి గోదావరికి ఎర్రనీరు రాకముందే, ఎండాకాలంలోనే ఈ పని ముగించుకోవాలి.

పాత బల్లను ఇలా పరీక్షించండి

బల్ల పైభాగం చూసి బాగుందని మోసపోవద్దు. పైన పడిన నీరు ఎండకు ఆరిపోతుంది. పుచ్చు మొదలయ్యేది నీరు నిలిచి ఆరని చోట్ల: రెండు చివర్లు, అడుగు భాగం, మేకుల బెజ్జాలు. సన్నటి ఉలి మొనతో ఆ చోట్ల పొడిచి చూడండి. గట్టి కర్రలో మొన దిగదు. పుచ్చిన కర్రలో సులువుగా దిగుతుంది, పొడి రాలుతుంది. సుత్తితో తట్టినప్పుడు ఖంగుమనకుండా బొద్దుగా మోగినా అనుమానించాలి.

బల్లలన్నీ ఒకేసారి ఊడదీయకూడదు. అలా తీస్తే పక్కలు కదిలి పడవ వాటం మారిపోతుంది, కొత్త బల్ల కొలతకు కూర్చోదు. ఒకటి తీసి, అది బిగించాకే రెండోదాని జోలికి పోవాలి. తీసే ముందు పక్కల మధ్య దూరం కొలిచి రాసుకోండి. ఆ చోట తాత్కాలికంగా ఒక అడ్డకర్ర బిగిస్తే మరీ మంచిది. పాత బల్లను పారేయకండి. కొత్తది కోయడానికి అదే కొలత.

ఏ కర్ర మంచిది?

టేకు అన్నిటికన్నా మేలు. బరువు తక్కువ, వంకర తిరగదు, తడికి ఆగుతుంది. అయితే ఈ గుణాలన్నీ చేవకే. చేవ చుట్టూ ఉండే తెల్లటి కర్ర టేకుదైనా సరే త్వరగా పుచ్చుతుంది, చెద పడుతుంది. లేత చెట్ల టేకులో ఈ తెల్ల భాగమే ఎక్కువ. "టేకే ఇచ్చాం" అని అడితి వాళ్లు అన్నా, పలక రెండు అంచులూ చూసి చేవ ఉన్నదే తీసుకోండి. సొంత తోటలో చెట్టు కొట్టించదలచుకుంటే ముందు అటవీ శాఖ వాళ్లను అడిగి అనుమతి తీసుకోవాలి.

టేకు కొనలేనివారికి నల్లమద్ది ఫరవాలేదు. గట్టిది, బరువైనది. ఎండలో ఆరబెడితే పగుళ్లిస్తుంది కనుక నీడపట్టునే ఆరనివ్వాలి. వేప చేవ పొట్టి బల్లలకు పనికొస్తుంది. చేదు కర్రకు పురుగు పట్టదనే నమ్మకం దాని తెల్ల భాగం మీద పెట్టుకోకండి. నల్లతుమ్మ చేవ చాలా గట్టిది కానీ నిడుపాటి పలకలు దొరకవు. బల్ల కింద ఆనిక కర్రలకు వాడుకోవచ్చు.

మామిడి చవక. తడికీ పురుగుకూ ఆగదు. జామాయిలు పలకలు ఆరేకొద్దీ మెలి తిరుగుతాయి. పెరట్లో కొబ్బరి చెట్టు ఉంది కదా అనేవారూ ఉంటారు. ముదురు చెట్టు మొదలు వైపు, బెరడుకు దగ్గరి కర్రే గట్టిది, లోపలిదంతా మెత్తన. అదీ తడిలో ఎక్కువకాలం నిలవదు.

ప్లైవుడ్ వాడాలనుకుంటే ఐ.ఎస్. 710 అని ముద్ర ఉన్న మెరైన్ రకమే తీసుకోవాలి. ఇంటి బీరువాలకు వాడే మామూలు రకం పొరలు విడిపోతుంది. మెరైన్ రకానికైనా కోసిన అంచుల్లోకి నీరు దిగకుండా పూత పట్టించడం తప్పనిసరి.

పలక ఎంపిక, ఆరుదల

కర్ర గీతలు పలక ఒక చివర నుంచి రెండో చివరిదాకా సాగాలి. మధ్యలోనే అంచుకు వాలిపోయే గీతలుంటే పలక అక్కడే విరుగుతుంది. దుంగ నడిబొడ్డు ఉన్న పలక, పెద్ద ముడులున్న పలక వద్దు. నాలుగు అడుగుల లోపు బల్లకు అంగుళంబావు మందం, అంతకు మించితే అంగుళంన్నర ఉండాలి. పొడవు బల్లకు కింద మధ్యలో ఊతకర్ర పెట్టించండి.

పచ్చి కర్ర బిగిస్తే ఆరాక కుంచించుకుపోయి మేకులు వదులవుతాయి. మధ్య మధ్య సన్నటి పుల్లలు పెట్టి, నీడలో గాలి ఆడేలా పలకలు పేర్చండి. అంగుళం పలకకు కనీసం మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆరిందో లేదో తెలుసుకోడానికి కాటా చాలు. వారం వారం తూచండి. బరువు తగ్గడం ఆగిపోతే ఆరినట్టే. అంత వ్యవధి లేనివారు ఆరిన పలకే చూసి కొనుక్కోవాలి.

పూత వేసే పద్ధతి

చిత్రిక పట్టాక అంచులు గుండ్రం చేయించండి. పదునైన అంచు మీద రంగు నిలవదు. బెజ్జాలన్నీ పూతకు ముందే వేయాలి. తర్వాత వేస్తే ఆ బెజ్జం లోపలంతా పచ్చి కర్రే, నీరు అక్కడి నుంచే దిగుతుంది.

మొదటి పూత చివర్లకు, అడుగుకు, బెజ్జాల లోపలికి. పైభాగం ఆఖరు. చివర్లు నీటిని దూదిలా పీలుస్తాయి కనుక అక్కడ ఒక పూత ఎక్కువే వేయండి. ఒక పూత ప్రైమరు, రెండు పూతలు ఎనామిల్ రంగు వేస్తే ఎండకూ వానకూ ఆగుతుంది. నాలుగు బల్లలకు రెండు పూతలూ వేసినా లీటరు ఎనామిల్ సరిపోతుంది. రేవులో దిగేవాళ్లు బల్లమీదే కాలు పెడతారు. అందుకని ఆఖరి పూతకు ముందు పూత తడిగా ఉండగానే జల్లించిన సన్న ఇసుక పలచగా చల్లితే కాలు జారదు.

కర్ర రంగు కనబడాలనుకుంటే డబుల్ బాయిల్డ్ అవిసె నూనె వాడొచ్చు. మొదటిసారి సమపాళ్లలో టర్పెంటైను కలిపి, అరగంటయ్యాక మిగులు తుడిచేయాలి. రోజు విడిచి రోజు మూడు పూతలు, తర్వాత ఏటా రెండుసార్లు. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, పరిచి ఆరేయండి.

వద్దన్నవి కొన్ని ఉన్నాయి. పడవ అడుగుకు పూసే జీడినూనె బల్లకు పూయకూడదు, ఒంటికి తగిలితే పొక్కులొస్తాయి. వాడేసిన ఇంజను ఆయిలు పూస్తే ఆ తర్వాత రంగు పట్టదు, బట్టలకూ ఏటికీ చెరుపు. లక్క పాలిషు తడికి తెల్లబారిపోతుంది. కొబ్బరి నూనె, ఆముదం ఆరవు. దుమ్ము పట్టి జిడ్డుగా ఉంటాయి.

బిగింపు

మేకులు కాక మరమేకులు, బోల్టులు వాడండి. ఇత్తడివి గానీ జింకు పూతవి గానీ అయితే త్వరగా తుప్పు పట్టవు. ఉత్త ఇనుము తుప్పు పట్టి చుట్టూ కర్రను నల్లబరిచి తినేస్తుంది.

పడవకు ఎక్కించే ముందు బల్లను రెండు ఇటుక దొంతుల మీద పెట్టి, మధ్యలో ఇద్దరు నిలబడి చూడండి. కిర్రుమన్నా, పగులు కనబడినా ఆ పలక పశువుల పాకకు వాడుకోండి. విరిగేది ఉంటే నేలమీదే విరగాలి, ఏటి మధ్యలో కాదు. కొత్త బల్ల గట్టిదని పది మంది పట్టే పడవలో పదిహేను మందిని మాత్రం ఎక్కించకండి.