ప్లస్ టూ దాటాకే కీబోర్డు పట్టారా? అయినా ప్రోగ్రామింగ్ వస్తుంది

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్ వైపు తెలుగు ఇళ్లల్లో ప్లస్ టూ ఫలితాలు రాగానే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు ఇంతవరకూ కంప్యూటర్ సరిగ్గా ముట్టుకోలేదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు పంపితే నెగ్గుకొస్తాడా?" విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఆరో తరగతి నుంచే కోడింగ్ నేర్చుకున్న పిల్లలతో తమ పిల్లలు పోటీ పడలేరేమోనని వాళ్ల బెంగ. ఆ బెంగతోనే లెక్కల్లో చురుకైన పిల్లలు కూడా ఈ దారి వదిలేస్తున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు వెనకబడటం లేదు, సొంతంగా రాయనివాళ్లు వెనకబడుతున్నారు. మన దేశంలో ప్రోగ్రామింగ్‌ను మొదట నేర్చుకున్నవాళ్లు ఎప్పుడు, ఎలా నేర్చుకున్నారో చూడండి.

కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1955లో ఇంగ్లండ్ నుంచి హెచ్‌ఈసీ-2ఎం అనే కంప్యూటర్ వచ్చింది. 1963లో కాన్పూర్ ఐఐటీకి ఐబీఎం 1620 వచ్చింది. అక్కడ వి. రాజారామన్ వంటి అధ్యాపకులు ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్పించారు. విద్యార్థులతో పాటు ఇతర సంస్థల శాస్త్రవేత్తలూ, అధ్యాపకులూ స్వల్పకాలిక కోర్సులకు వచ్చి నేర్చుకునేవారు. వాళ్లెవరూ చిన్నప్పుడు కంప్యూటర్ చూసినవాళ్లు కాదు. డిగ్రీలు పూర్తయ్యాక, ఉద్యోగాల్లో స్థిరపడ్డాక మొదటి ప్రోగ్రాము రాసినవాళ్లూ ఉన్నారు.

వాళ్లు నేర్చుకున్న పద్ధతి మీకు చాలా పనికొస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను. అప్పట్లో ప్రోగ్రామును ముందు కాగితం మీద రాయాలి. తర్వాత ఒక్కో వరుసనూ ఒక్కో అట్టకార్డు మీద రంధ్రాలుగా కొట్టించాలి. కార్డుకు 80 అక్షరాల చోటు ఉంటుంది. కార్డుల కట్టను యంత్రం గదిలో ఇచ్చి తమ వంతు కోసం ఎదురుచూడాలి. ఒక్క కామా తప్పినా కట్ట వెనక్కొచ్చేది, మళ్లీ మొదటినుంచి పని. అందుకని కార్డులు ఇవ్వకముందే ప్రతి వరుసనూ కాగితం మీద తామే యంత్రంలా నడిపి, ఏ విలువ ఎక్కడ ఎలా మారుతుందో రాసుకునేవారు. దీన్నే ఇప్పటికీ డ్రై రన్ అంటాం. ఇంట్లో లాప్‌టాప్ లేని పిల్లాడికి ఇంతకన్నా మంచి సాధన లేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను ఉంటే చాలు.

మన తెలుగువాడు రాజ్ రెడ్డి సంగతే చూడండి. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో పుట్టారు. మద్రాసు గిండీ కాలేజీలో 1958లో సివిల్ ఇంజినీరింగ్ పూర్తి చేశారు. ఆ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లాకే, అంటే వయసు ఇరవై దాటాకే, కంప్యూటర్లతో పని మొదలుపెట్టారు. అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి 1966లో పీహెచ్‌డీ తీసుకున్నారు. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఆయనకు దక్కింది. మైక్రోసాఫ్ట్ సారథి సత్య నాదెళ్ల దారి వేరు. పదిహేనేళ్ల వయసులో నాన్నగారు కొనిచ్చిన సింక్లెయిర్ కంప్యూటర్ మీద ఇంట్లోనే బేసిక్ నేర్చుకున్నారు, మణిపాల్‌లో మాత్రం ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివారు. ఒకరు సివిల్, ఒకరు ఎలక్ట్రికల్. ఒకరు ఇరవై దాటాక, ఒకరు పదిహేనో ఏట. చేరినచోటు చూస్తే ఈ తేడాలేవీ కనపడవు.

ఇక మన ప్రాంతం. కోరాపుట్ 1936 దాకా విశాఖపట్నం జిల్లాలో భాగం. ఒరిస్సా రాష్ట్రంలో కలిశాక కూడా జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున విరాళమిచ్చారు. వాల్తేరులోని సైన్స్, టెక్నాలజీ కళాశాలకు జయపురం విక్రమదేవుని పేరే పెట్టారు. ఇంత ఇచ్చిన నేల పిల్లలు సాంకేతిక చదువుల కోసం చాలాకాలం ఘాట్ రోడ్డు దిగి విశాఖకో, ఇంకా దూరానికో పోవాల్సి వచ్చిందంటే బాధ కలుగుతుంది. రాయగడ 1992లో జిల్లా అయింది. 1997లో గుణుపురంలో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, అదే ఇప్పుడు జీఐఈటీ యూనివర్సిటీ. 2009లో కోరాపుట్‌కు కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. అంటే ఇక్కడి చాలా కుటుంబాల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకున్న మొదటి తరం ఇప్పటిదే. ఇంట్లో అడిగి తెలుసుకోవడానికి అన్నో అక్కో ఉండని తరం ఇది. ఆ ఇబ్బందిని తేలిగ్గా తీసుకోకూడదు.

దానికి కొంత విరుగుడు ఉంది. ఐఐటీ బొంబాయి నడిపే స్పోకెన్ ట్యుటోరియల్‌లో సీ, పైథాన్, జావా, లైనక్స్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో చాలా పాఠాలకు తెలుగు, ఒడియా గొంతులున్నాయి. సిగ్నల్ ఉన్నచోట దించుకుని ఊళ్లో చూసుకోవచ్చు. ఇంగ్లిషు అలవాటైనవాళ్లకు ఎన్‌పీటెల్ ఉంది. ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి పరీక్ష రాయాలి. ఏ భాషతో మొదలుపెట్టాలన్న చర్చలో నెలలు పోగొట్టుకోకండి. కాలేజీలో సీ చెబుతుంటే సీ, లేకపోతే పైథాన్. ఒక భాష గట్టిగా వస్తే రెండోది త్వరగానే వస్తుంది.

పాఠాలు వినడం మాత్రం నేర్చుకోవడం కిందికి రాదు. మీ అమ్మగారో పిన్నిగారో ఉన్న పొదుపు సంఘం లెక్కల పుస్తకం అడిగి తీసుకోండి. ఒకామె 5,000 రూపాయలు అప్పు తీసుకుంది, నెలకు నూటికి రూపాయి వడ్డీ, నెలనెలా 500 అసలు తీరుస్తుంది అనుకుందాం. మిగిలిన అసలు మీదే వడ్డీ కడితే మొదటి నెల 50, రెండో నెల 45, అలా తగ్గుతూ పదో నెల 5 రూపాయలు. మొత్తం వడ్డీ 275. అదే ప్రతినెలా పూర్తి 5,000 మీద లెక్క కడితే 500 అవుతుంది. ముందు ఈ లెక్క కాగితం మీద చేయండి. తర్వాత అప్పు, వడ్డీ రేటు, కిస్తు అడిగి నెలవారీ పట్టిక ఇచ్చే ప్రోగ్రాము రాయండి. 275 వచ్చిందంటే లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే పద్ధతి, మీకు అర్థమైనట్టే. చివరి నెల బాకీ 500 కన్నా తక్కువుంటే ఏం చేయాలి? ఒకామె ఒక నెల కట్టకపోతే? పది మంది లెక్కలు ఫైల్‌లో దాచాలంటే? ఒక్కో ప్రశ్నకు జవాబు రాసుకుంటూ పోతే కండిషన్లు, ఫంక్షన్లు, ఫైళ్లు, డేటాబేస్ వరుసగా వచ్చేస్తాయి. ఆఖరున మీ చేతిలో ఒక ప్రాజెక్టు ఉంటుంది. ఇంటర్వ్యూలో ఏ వరుస ఎందుకు రాశావని అడిగితే తడుముకోకుండా చెప్పగలుగుతారు. కొని తెచ్చుకున్న ప్రాజెక్టుతో ఆ పని జరగదు.

కృత్రిమ మేధ సాధనాలు ప్రోగ్రాము మొత్తం రాసిచ్చేస్తున్నాయి కదా అని మీరు అడగొచ్చు. ఇస్తాయి. మొదటి ఆరునెలలు మాత్రం ముందు మీరు రాయండి, ఆగిపోయినచోట తప్పేమిటో వాటిని అడగండి. వాటి జవాబు సరైనదో కాదో తేల్చగలిగేవాళ్లకే రేపు ఉద్యోగం ఉంటుంది. ఆ తేల్చే శక్తి సొంత సాధనతోనే వస్తుంది.

హైదరాబాద్‌లో కంప్యూటర్ శిక్షణ కేంద్రాలకు పేరుపడ్డ అమీర్‌పేట గురించి కూడా ఒక మాట. ఒకప్పుడు పట్నాల కంప్యూటర్ సెంటర్లలో డీబేస్, ఫాక్స్‌ప్రో నేర్చుకుని బతుకు మార్చుకున్నవాళ్లున్నారు. అమీర్‌పేటలో నేర్చుకుని అమెరికా దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. కానీ పునాది లేకుండా, అప్పు చేసి, హాస్టల్ ఫీజు కట్టి వెళ్లి నోట్సు మాత్రమే రాసుకొచ్చే పిల్లలు అంతకన్నా ఎక్కువ. ఇంటి దగ్గర కనీసం వంద చిన్న ప్రోగ్రాములు రాశాకే ఆ బస్సెక్కండి.

చదువు దారుల్లో తొందరపాటు వద్దు. మెట్రిక్ తర్వాత ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్, ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్ ఏడాది కోర్సు. సునాబెడ హెచ్ఏఎల్, దామన్‌జోడి నాల్కో అప్రెంటిస్ ప్రకటనలు వచ్చినప్పుడు ఆ ట్రేడ్ ఉందేమో చూస్తుండండి. డిప్లొమా మూడేళ్లు చదివితే బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. రాయగడలో యూజీఎంఐటీ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. ప్లస్ టూ తర్వాత ఒడిశాలో బీటెక్‌కు జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఓజేఈఈ కౌన్సెలింగ్. ఆంధ్రలో చేరాలనుకుంటే అక్కడి స్థానికత నిబంధనలు దరఖాస్తుకు ముందే చదవండి, లేకపోతే ర్యాంకు వచ్చాక ఇబ్బంది పడతారు. బీసీఏ తర్వాత రెండేళ్ల ఎంసీఏ కూడా గట్టి దారే. డిగ్రీ వేరేది చదువుతున్నవాళ్లు కేంద్రప్రభుత్వ సంస్థ నైలిట్ జరిపే ఓ-లెవెల్ పరీక్షలు రాయవచ్చు, అందులో పైథాన్ ఒక పేపరు.

నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ గురించి. డేటా సైన్స్‌లో దీని మొదటి బ్యాచ్ 2021లో మొదలైంది. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని, అర్హత పరీక్ష నెగ్గితే చేర్చుకుంటారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ, ఆదాయం తక్కువున్న కుటుంబాలకూ ఫీజులో రాయితీ ఉంది. పాఠాలు ఇంటి దగ్గరే, పరీక్షలకు మాత్రం కేంద్రానికి వెళ్లాలి. జయపురంలో బీఎస్సీ చదువుతూనే దీన్నీ చదవవచ్చు. మన రాయగడ, కోరాపుట్ జిల్లాల పిల్లలకు ఇంత అనువైన కోర్సు గురించి చాలామందికి తెలియదు.

ఇంకో సంగతి. మీరు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో దేశియానో కువియో మాట్లాడతారు. కేంద్రప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి లాంటి భాషా సాంకేతిక పనులకు ఇలా పలు భాషలు తెలిసి, ప్రోగ్రామింగ్ కూడా వచ్చినవాళ్లు కావాలి. మీ దరఖాస్తులో ఆ భాషలన్నీ రాయండి.

ఇప్పటికే ఈ ఊళ్ల నుంచి వెళ్లి విశాఖలో, హైదరాబాద్‌లో, బెంగళూరులో పనిచేస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక విన్నపం. దసరాకో సంక్రాంతికో ఇంటికొచ్చినప్పుడు మీ పాత లాప్‌టాప్ ఒకటి వీధిలో ప్లస్ టూ చదివే పిల్లలకు ఇవ్వండి, ఒక పూట కూర్చుని వాళ్లతో మొదటి ప్రోగ్రాము రాయించండి. తర్వాత వాట్సాప్‌లో వాళ్ల సందేహాలకు జవాబిస్తూ ఉండండి. మీకు చెప్పడానికి ఎవరూ లేనప్పుడు ఎంత కష్టపడ్డారో మీకు తెలుసు.