నశించిన జంతువును మరల తేవచ్చునా?

చోడవరము ప్రాంతపు పంచాయతీ సభ్యులకు చీతా అనగానే కొండవారను మేకల నెత్తుకొనిపోవు చిరుతపులి స్ఫురించవచ్చును. చీతా అది కాదు. సన్నని నడుము, పొడవైన కాళ్లు, కంటిమూల నుండి నోటిదాక కన్నీటిచార వంటి నల్లని గీత గల వేరొక జంతువది. పూర్వము రాజులు దానిని మచ్చిక చేసి జింకల వేటకు కొనిపోవుచుండిరి. మనకు సమీపముననున్న విజయనగరము రాజావారికిని చీతా ఉండెడిది. 1880లో వేటసమయమున అది మీద పడగా విశాఖపట్టణములోని గవర్నరు ఏజెంటు ఇర్విన్ దొర మరణించెను.

1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానమున మూడు చీతాలను కాల్చి చంపిరి. ఆ పిమ్మట చిత్తూరు జిల్లాలో ఒకటి కనబడినట్లు వ్రాతలున్నవి గాని, 1952లో చీతా మన దేశమున నశించినదని ప్రకటింపబడెను.

సుమారు 2000 సంవత్సరమున హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, లాల్జీ సింగు గారి నాయకత్వమున, చీతాను క్లోనింగు పద్ధతిచే పుట్టింప దలచిరి. గింజలో పప్పు ఉన్నట్లు జీవకణములో కేంద్రకము కలదు. జంతువు రూపమునకు, గుణమునకు సంబంధించిన సమాచారమంతయు దాదాపుగా అందులోనే ఉండును. చీతా కణము నుండి దానిని తీసి, కేంద్రకము తొలగించిన చిరుతపులి అండములో నుంచి, ఆ పిండమును చిరుతపులి గర్భమున పెంచవలెను. 1996లో స్కాట్లండులో డాలీ అను గొఱ్ఱె ఇట్టి పద్ధతిచేతనే పుట్టినది. అయితే సజీవకణములు కావలెను. ఆసియా చీతాలు మిగిలియున్న ఇరాన్ దేశము ఇచ్చుటకు సమ్మతింపలేదు, పని నిలిచిపోయినది. స్పెయిన్‌లో 2003లో నశించిన కొండమేక జాతి పిల్లను ఇట్లే పుట్టించిరి. ఊపిరితిత్తుల లోపముచే అది కొలది నిమిషములలోనే చనిపోయినది. ఆ బాధకు ఎవరు బాధ్యులని అడుగుట తప్పు కాదు.

తుదకు 2022లో నమీబియా నుండి 8, 2023లో దక్షిణాఫ్రికా నుండి 12 చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెచ్చిరి. ఇవి ఆఫ్రికా జాతివి. కొన్ని మరణించినవి, కొన్ని పిల్లలను పెట్టినవి. అంతకు చాల ముందే గిర్ సింహముల కొరకని ఆ అడవి నుండి 24 గ్రామములను కదలించిరి. ఆ సింహములు నేటికిని రాలేదు. ఈ విషయమును మేము ప్రత్యేకముగా చెప్పుచున్నాము. ఏలయన, జంతువు ఏ మార్గమున వచ్చినను దానికి బీడు కావలెను; ఆ బీడు ఏదో ఒక ఊరివారు పశువులను మేపుకొనునదే. అడవిపై హక్కులు గలవారిని వన్యమృగముల కొరకు కదలించుటకు గ్రామసభ సమ్మతి అవసరమని 2006 నాటి అటవీహక్కుల చట్టము చెప్పుచున్నది.

పంచాయతీ చేతిలో మరియొక పనియు కలదు. 2002 నాటి చట్టము ప్రకారము జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఊరి చెట్లను, జంతువులను, పక్షులను రిజిస్టరులో వ్రాయింపవలెను. కడప జిల్లాలో 1900 తరువాత కానరాని కలివికోడి 1986లో దొరకినది. దానిని చీకటిలో పట్టి తెచ్చినవాడు ఆ ప్రాంతపు వేటగాడే. మీ ఊరి మెరకలలో పూర్వము ఏ జంతువులు తిరిగినవో ఎరిగిన వృద్ధులను పిలిచి, వారుండగనే ఆ పుటలు నింపుడు.