నగర మారథాన్ పరుగు ఎవరికి తగును?

మారథాన్ పరుగు దూరము 42.195 కిలోమీటర్లు. 1908లో లండన్ ఒలింపిక్ క్రీడలలో పరుగెత్తిన ఈ దూరమునే 1921లో ప్రమాణముగా స్వీకరించిరి. మన దేశమున ముంబయి మారథాన్ 2004లోను, హైదరాబాదు మారథాన్ 2011లోను ఆరంభమైనవి. ఉద్యోగులు, గృహిణులు, వయసు మీరినవారు సైతము వీనిలో పాల్గొనుచుండుట ముదావహము. అయితే ఉత్సాహము వేరు, సంసిద్ధత వేరు. పేరు నమోదు చేసికొనుటకు ముందే మూడు విషయములను విచారించుకొనవలెను.

మొదటిది శరీరస్థితి. శ్రమపడునపుడు ఛాతీలో నొప్పి, కండ్లు తిరుగుట, అకారణముగా ఆయాసము కలుగువారును, రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు గలవారును, కుటుంబమున చిన్నవయసునందే గుండెజబ్బుతో ఆకస్మికముగా మరణించినవారు ఉన్నవారును వైద్యుని సలహా పొందిన పిమ్మటనే సాధన ప్రారంభింపవలెను.

రెండవది సాధన. 10 కిలోమీటర్లు సునాయాసముగా పరుగెత్తగలవారికైనను మరి నాలుగైదు నెలల క్రమమైన అభ్యాసము అవసరము. వారమునకొకసారి చేయు దీర్ఘమైన పరుగును కొద్దికొద్దిగా పెంచుచు 30 కిలోమీటర్ల వరకు తీసికొనిపోవలెను. పరుగెత్తుచు ప్రక్కవారితో మాటలాడగలిగినచో ఆ వేగము తగినదని తెలిసికొనవచ్చును. విశ్రాంతి తీసికొన్నను తగ్గని మోకాలినొప్పి, పాదముల నొప్పి ఉన్నవారు పరుగును వాయిదా వేయుట మేలు.

మూడవది నగరము, ఋతువు. హైదరాబాదు పరుగు సాధారణముగా ఆగస్టు మాసమున జరుగును. గాలిలో తేమ అధికముగా నున్నపుడు చెమట ఆరదు. చెమట ఆరనిచో శరీరపు వేడి తగ్గదు. దీనికితోడు దారిలోని ఎత్తుపల్లములు, ఫ్లైఓవర్లు శ్రమను పెంచును. మెల్లగా పరుగెత్తువారు ఐదారు గంటలు రోడ్డుపైననే ఉందురు గనుక, వేగముగా పోవువారికంటె వీరికే ఎండ ఎక్కువ తగులును. కావున చల్లని వేళ చదునైన నేలపై మాత్రమే అభ్యసించినవారు పూర్తిగా సిద్ధమైనట్లు భావింపరాదు.

పరుగునాడు జ్వరముగాని, విరేచనములుగాని ఉన్నచో పాల్గొనరాదు. దాహమునుబట్టి నీరు త్రాగవలెను. మితిమీరి త్రాగినచో రక్తమున సోడియము పలుచబడి ప్రాణాపాయము కలుగవచ్చును. నొప్పి తెలియకుండుటకై మాత్రలు మ్రింగి పరుగెత్తుట మూత్రపిండములకు హాని చేయును. ఎవరైనను తూలుచు, పొంతనలేని మాటలాడినచో అది వడదెబ్బ కావచ్చును. వెంటనే వైద్యసహాయమునకు కబురుపెట్టి, అది అందులోగా నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోయుచు, మంచు అద్దుచు శరీరమును చల్లబరుపవలెను.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను ఆ సంవత్సరము 10 లేక 21 కిలోమీటర్ల పరుగును ఎన్నుకొనుట వివేకము. అది ఓటమి కాదు. మధ్యలో ఆగిపోవుటయు అవమానము కాదు. శరీరము వలదన్నపుడు ఆగగలవాడే మరుసటి సంవత్సరము పూర్తి దూరమును ఆరోగ్యముగా ముగింపగలడు.