గాలిలో మొగ్గ

2016 ఆగస్టు 14. బ్రెజిల్ దేశంలోని రియో డి జనీరో నగరంలో ఒలింపిక్ క్రీడలు జరుగుతున్నాయి. మహిళల జిమ్నాస్టిక్స్ వాల్టు తుదిపోటీ. త్రిపుర రాష్ట్రపు అగర్తలాకు చెందిన దీపా కర్మాకర్ పరుగుదారి చివర నిలిచింది. ఆమె ఎన్నుకొన్న విన్యాసం ప్రొడునోవా. రష్యా క్రీడాకారిణి యెలీనా ప్రొడునోవా పేరు దానికి స్థిరపడింది. పరుగెత్తి వచ్చి, చేతులతో వాల్టు బల్లను నెట్టి పైకెగసి, నేలకు దిగేలోగా ముందుకు రెండు మొగ్గలు వేయాలి. భ్రమణం చాలకపోతే తలో మెడో ముందుగా నేలను తాకుతుంది. ప్రాణాపాయం సైతం కలదు.

ఈ సాహసమంతా కోణీయ ద్రవ్యవేగం అనే రాశిపై ఆధారపడి ఉన్నది. దేహం తిరిగే వేగాన్ని దాని జడత్వ భ్రామకంతో గుణిస్తే వచ్చేదే ఆ రాశి. గాలిలో ఉన్న దేహాన్ని భూమి గరిమనాభి వద్ద పట్టి లాగుతుంది. కనుక గురుత్వాకర్షణ ఆమెను కిందికి దింపగలదే గాని తిప్పజాలదు, తిరుగుతుంటే ఆపజాలదు. బల్లను వీడిన క్షణాన ఎంత కోణీయ ద్రవ్యవేగం ఉన్నదో నేలను తాకే వరకు అంతే. అది బాటసారి సద్దిమూట వంటిది. పరుగు, స్ప్రింగ్ బోర్డు, చేతుల తోపు కలిసి కట్టిన ఆ మూటకు నడిదారిలో ఒక్క మెతుకైనా చేరదు.

మూటను వాడుకొనే నేర్పు మాత్రం ఆమెదే. అవయవాలు అక్షానికి దూరంగా ఉంటే జడత్వ భ్రామకం పెరుగుతుంది, భ్రమణం మందగిస్తుంది. ఆ దూరం సగమైతే ఆ భాగపు జడత్వ భ్రామకం నాలుగవ వంతవుతుంది. అందుకే మోకాళ్లను రొమ్ముకు హత్తుకొని దేహాన్ని ముద్దగా చుట్టుకోవాలి. అప్పుడు మొగ్గ వేగమందుకొంటుంది. మన భాష దీనిని పిల్లిమొగ్గ అన్నది. పిల్లి ఎటు జారినా కాళ్లపైనే వాలుతుందని కాబోలు! మనిషికి ఆ వరం లేదు. రెండవ మొగ్గ ముగియకముందే దేహాన్ని విప్పితే భ్రమణం చాలదు. విప్పడం ఆలస్యమైతే వేగం తగ్గదు. విప్పినంత మాత్రాన భ్రమణం ఆగదు కూడా. దానిని ఆపేది పాదాలకు ఎదురొడ్డే నేల ఒక్కటే.

దీపా రెండు మొగ్గలు పూర్తిచేసి పాదాలపైనే దిగింది. కాని మోకాళ్లు లోతుగా వంగి, నడుము దాదాపు చాపను తాకేంతగా కుంగింది. ఆ వాల్టుకు 15.266 పాయింట్లు లభించాయి. రెండు వాల్టుల సగటు 15.066. కాంస్యపతకం పొందిన స్విట్జర్లాండు క్రీడాకారిణి గ్యూలియా స్టైన్‌గ్రూబర్ సగటు 15.216. నాలుగవ స్థానానికీ పతకానికీ నడుమ అంతరం 0.150.