బిట్లు, బైట్లు, నెట్‌వర్కులు

నేడు స్కాలర్‌షిప్ దరఖాస్తు మొదలుకొని హాల్ టికెట్ వరకు చాలా పనులు కంప్యూటర్ ద్వారానే జరుగుతున్నాయి. "ఫోటో 50 కేబీకి మించరాదు" అన్న మాట అర్థం కాకపోతే మన దరఖాస్తు కోసం మనం వేరొకరి మీద ఆధారపడాలి. అర్థమైతే మనమే నింపుకోగలం. అందుకే కొన్ని ముఖ్యమైన పదాలను తోటి విద్యార్థుల కోసం ఇక్కడ వివరిస్తున్నాం.

బిట్, బైట్: కంప్యూటర్‌కు తెలిసినవి 0, 1 అనే రెండు అంకెలే. వీటిలో ఒక్కొక్కదానిని బిట్ అంటారు. బైనరీ డిజిట్ అనే మాటలను కుదిస్తే వచ్చిన పేరు ఇది. 1948లో క్లాడ్ షానన్ తన పరిశోధన వ్యాసంలో ఈ పదాన్ని వాడి, దీనిని సూచించినవాడు జాన్ టూకీ అని తెలిపాడు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్ చాలు. తెలుగుకు, యూనికోడ్‌లోని యూటీఎఫ్-8 పద్ధతిలో, ఒక్కో గుర్తుకు 3 బైట్లు కావాలి. 'అమ్మ' అన్న మాటలో అ, మ, పొల్లు, మ అని 4 గుర్తులున్నాయి. అంటే 12 బైట్లు.

కేబీ, ఎంబీ, జీబీ: 1000 బైట్లు ఒక కిలోబైట్, 1000 కిలోబైట్లు ఒక మెగాబైట్, 1000 మెగాబైట్లు ఒక గిగాబైట్. కంప్యూటర్‌లో 1000కి బదులు 1024తో లెక్కించే పద్ధతి కూడా ఉంది. 16 జీబీ పెన్‌డ్రైవ్‌ను విండోస్ కంప్యూటర్‌కు పెడితే సుమారు 14.9 అని చూపించేది ఈ తేడా వల్లనే. దుకాణదారు మోసం చేశాడని అనుకోనక్కరలేదు. ఇక సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటో 2 ఎంబీ ఉంటే అది 2000 కేబీ. 50 కేబీ కావాలంటే దానిని 40వ వంతుకు తగ్గించాలి.

ర్యామ్, హార్డ్ డిస్క్: ర్యామ్ మనం చదువుకునే బల్ల వంటిది. హార్డ్ డిస్క్ మన ట్రంకు పెట్టె వంటిది. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నది పోతుంది, డిస్క్‌లో దాచినది ఉంటుంది. పని మధ్యలో 'సేవ్' చేయమని చెప్పేది ఇందుకే. 1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన తొలి హార్డ్ డిస్క్‌లో 50 పళ్ళేలు ఉన్నా, అందులో పట్టినవి 50 లక్షల అక్షరాలే. నేడు వేలిగోరంత 32 జీబీ మెమరీ కార్డులో 3200 కోట్ల బైట్లు పడతాయి.

నెట్‌వర్క్: సమాచారం ఇచ్చిపుచ్చుకునేలా కలిపిన కంప్యూటర్ల సముదాయమే నెట్‌వర్క్. ఒక గదిలోనో భవనంలోనో ఉంటే ల్యాన్ అంటారు. ప్రపంచమంతటి నెట్‌వర్కులను కలిపేది ఇంటర్నెట్. దీనికి మూలమైన ఆర్పానెట్‌లో తొలి సందేశం 1969 అక్టోబరు 29న అమెరికాలో వెళ్ళింది. 'లాగిన్' అనే పదంలో రెండు ఇంగ్లీషు అక్షరాలు చేరగానే అవతలి కంప్యూటర్ ఆగిపోయింది.

నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ ఐపీ అడ్రస్ ఉంటుంది. పాత పద్ధతిలో ఇది నాలుగు సంఖ్యలు. ఒక్కో సంఖ్య ఒక బైట్ కనుక 0 నుండి 255 వరకే ఉంటుంది. మనం పంపే ఫైలు చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. వాటికి దారి చూపేది రౌటర్. అడిగిన సమాచారం అందించే కంప్యూటర్ సర్వర్. సర్వర్‌కు మనం పంపడం అప్‌లోడ్, మనం తెచ్చుకోవడం డౌన్‌లోడ్.

వేగం: దాచే చోటును బైట్లలోనూ, నెట్ వేగాన్ని సెకనుకు బిట్లలోనూ చెబుతారు. ఇంగ్లీషులో చిన్న 'బి' రాస్తే బిట్, పెద్ద 'బి' రాస్తే బైట్. 8 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 8 మెగాబిట్లు, అనగా ఒక మెగాబైట్ మాత్రమే. ఆ వేగంతో 40 ఎంబీ పాఠం రావడానికి కనీసం 40 సెకన్లు పడుతుంది.

చివరిగా ఒక మాట. నెట్ సెంటర్‌లో పని అయ్యాక లాగౌట్ చేయాలి. అక్కడి కంప్యూటర్‌లో మిగిలిన మన సర్టిఫికెట్ల కాపీలను తీసివేయాలి. అదే కాపీని మనవద్ద రెండు చోట్ల దాచుకోవాలి. దీనినే బ్యాకప్ అంటారు. ఈ పదాలు పరీక్షలో మార్కుల కోసమే కాదు, మన పని మనమే చేసుకోవడానికి కూడా పనికివస్తాయి. తెలిసినవారు తెలియని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేర్పాలని కోరుతున్నాం.