యాత్రా బహుమానమునకు దరఖాస్తు: యువ వాస్తుశిల్పుల కొక పాఠము



ఇల్లు కట్టు విద్యను పుస్తకములలో కొంతవరకే నేర్వవచ్చును. ఒక మందిరపు పటమును చూచినచో దాని పొడవు, వెడల్పు, స్తంభముల సంఖ్య తెలియును. గాని మధ్యాహ్నవేళ ఏ కిటికీనుండి వెలుతురు ఏ గోడమీద పడునో, వేసవిలో రాయి చేతికి ఎంత చల్లగా నుండునో, వందమంది ఒక్కసారి లోనికి వచ్చినప్పుడు చప్పుడు ఎట్లు మ్రోగునో పటము చెప్పజాలదు. అందుచేతనే వాస్తుశిల్పము నేర్చినవారిని దూరదేశములకు పంపి, కట్టడములను కన్నులార చూచి రమ్మను ఆచారము మూడు వందల యేండ్లకు పూర్వమే యేర్పడినది. అట్లు పంపుటకు ఇచ్చు ధనమునే యాత్రా బహుమానమందురు.

ఈ వ్యాసమున అట్టి బహుమానముల చరిత్రను క్లుప్తముగా చెప్పి, వానికి దరఖాస్తు వ్రాయు విధమును విచారింతము. వాస్తుశిల్పులు కాగోరువారు మన పాఠశాలలో కొలదిమందియే యుందురు. అయినను విద్యార్థివేతనమునకో, ఉద్యోగమునకో దరఖాస్తు వ్రాయవలసిన దినము ప్రతివారికిని వచ్చును గనుక ఈ పాఠము అందరికిని ఉపయోగించును.

1. రోము బహుమానము

1666వ సంవత్సరమున, ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ కాలములో, మంత్రియైన కోల్బేరు ప్రోత్సాహమున రోము నగరములో ఫ్రెంచి అకాడమీ స్థాపింపబడెను. 1720 నుండి వాస్తుశిల్పమునకు వేరుగా పోటీ జరుగజొచ్చెను. గెలిచినవారిని ప్రభుత్వము తన ఖర్చుతో రోముకు పంపి, ప్రాచీన కట్టడములను కొలిచి పటములు గీయించుచుండెను. స్త్రీలకు 1903 వరకు ఈ పోటీలలో ప్రవేశము లేకుండెను. 1968లో రోము బహుమానపు పోటీ రద్దు చేయబడెను.

ఇందు గెలిచిన ఇద్దరిని జ్ఞాపకముంచుకొనుడు. మొదటివాడు చార్లెస్ గార్నియే. ఇతడు 1825లో పారిస్ నగరమున ఒక కమ్మరి యింట జన్మించెను. 1848లో రోము బహుమానమును పొంది ఇటలీకి పోయెను. తరువాత గ్రీసు దేశమును దర్శించి, 1852లో ఎజీనా ద్వీపమందలి ప్రాచీన దేవాలయమును పరిశీలించి, దాని పూర్వపు రంగులతో కూడ పటములు సిద్ధపరచెను. 1861లో పారిస్ నాటకశాలను కట్టు పని పోటీలో ఇతనికే దక్కెను. 1875లో తెరవబడిన ఆ భవనమందలి రంగురాళ్ల శోభను నేటికిని లోకులు చూడబోవుచున్నారు. కమ్మరి కుమారుడు తన సొంత సొమ్ముతో గ్రీసుకు పోగలిగియుండునా? ప్రతిభ యున్నను చేతిలో డబ్బు లేనివానికి దారి తెరచుటయే ఇట్టి బహుమానముల ముఖ్య ప్రయోజనము.

రెండవవాడు ఆన్రీ లబ్రూస్త్. ఇతడు 1824లో గెలిచెను. దక్షిణ ఇటలీలోని పేస్తుమ్‌నందు మూడు ప్రాచీన కట్టడములను జాగ్రత్తగా కొలిచి, పెద్దలు చెప్పుచుండిన దానికి భిన్నమైన అభిప్రాయముతో పటములు పారిస్‌కు పంపెను. అకాడమీ పెద్దలకు కోపము వచ్చెను. రోములోని అధ్యక్షుడగు ఓరాస్ వెర్నే మాత్రము ఇతని పక్షమున నిలిచెను. ఆ మూడింటిలో ఒకటి దేవాలయము కాదనియు, పౌరులు కూడుకొను శాల యనియు లబ్రూస్త్ తలంచెను. నేటి పురావస్తు పండితులు దానిని హేరా దేవత ఆలయమనియే చెప్పుచున్నారు. కావున అతని ఊహ ఆ విషయమున నిలువలేదు. అయినను కట్టడము ఎదుట నిలిచి, స్వయముగా కొలిచి, తనకు తోచినదానిని దాచక చెప్పిన అలవాటు అతనిని విడువలేదు. 1851లో తెరవబడిన సెయింత్ జెనెవియేవ్ గ్రంథాలయమున, పఠనశాల నడుమ ఇనుప స్తంభములను ముసుగు లేకుండ నిలిపినవాడు ఇతడే. యాత్రికునికి కావలసిన మొదటి గుణము ఈ నిర్భయమైన చూపు.

2. అమెరికా దేశపు బహుమానములు

అమెరికాలో బోస్టన్ నగరమున 1883లో రాచ్ యాత్రా విద్యార్థివేతనము స్థాపింపబడెను. 1889లో దానిని పొందిన హెన్రీ బేకన్ యూరపు ఖండమున సంచరించి గ్రీకు కట్టడములను శ్రద్ధగా చూచెను. వాషింగ్టన్ నగరములో 1922లో ప్రతిష్ఠింపబడిన లింకన్ స్మారక మందిరము ఇతని రచనయే. దాని చుట్టునున్న 36 స్తంభములు గ్రీకుల డోరిక్ పద్ధతిని అనుసరించినవి. యౌవనమున చూచినది పండి ఫలించుటకు ముప్పది యేండ్లు పట్టెనని గ్రహింపుడు.

1935లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఆర్థర్ వీల్‌రైట్ పేర మరియొక యాత్రావేతనము ఏర్పడెను. విదేశయాత్ర కష్టసాధ్యమైన ఆ కాలములో అమెరికా వెలుపల వాస్తుశిల్పమును చూచి నేర్చుకొనుటకు ఇది ఉద్దేశింపబడెను. చైనా దేశమున పుట్టిన ఐ. ఎం. పై అనునతడు 1951లో దీనిని పొంది ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇటలీ, గ్రీసు దేశములు తిరిగెను. పారిస్‌లో 1989లో తెరవబడిన లూవ్ర్ గాజు పిరమిడ్డు ఇతడు రచించినదే.

ఈ వేతనము చాలకాలము ఆ విశ్వవిద్యాలయపు పట్టభద్రులకే పరిమితమై యుండెను. 2013లో నియమములు మారెను. నాటినుండి ఏ దేశమువారైనను, ఏ కళాశాలలో చదివినవారైనను, వాస్తుశిల్ప పట్టము పొంది 15 సంవత్సరములు మించని యెడల పోటీ చేయవచ్చునని ప్రకటించిరి. బహుమానపు మొత్తము 1,00,000 డాలర్లు. పరిశోధన కాలము రెండు సంవత్సరములు. 2013 మొదలు 2024 వరకు గెలిచిన పండ్రెండుగురిలో సగమునకు మించి స్త్రీలే. బాలికలు ఈ మాటను గుర్తుంచుకొందురు గాక.

3. గెలిచినవారు ఏమి అడిగిరి?

ఈ పోటీలో ఎవరును “నాకు లోకమును చూడవలెనని కోరిక” అని వ్రాసి గెలువలేదు. ప్రతివారును ఒక ప్రశ్నను తీసికొనిపోయిరి.

2013లో జియా వుల్ఫ్, ఉత్సవ శకటములను కట్టు సామాన్య జనుల నేర్పును వాస్తుశిల్పముగా పరిశీలింపదలచి బ్రెజిల్ దేశపు కార్నివాల్ ఉత్సవము వైపు చూచెను. 2014లో హోసె అహెదో పశుపోషణ స్థలముల నిర్మాణమును గూర్చి అడిగెను. 2015లో ఎరిక్ లురో భూమధ్యరేఖా ప్రాంతపు నగరములలో, ఎండయు తేమయు కలసి బాధించుచోట, కట్టడములు గాలిని ఎట్లు ఉపయోగించుకొనునని అడిగెను. 2016లో అన్నా పుయిగ్‌జానెర్ వంటగది లేని యిండ్లను, పదిమంది కలసి వాడుకొను వంటశాలలను పరిశీలింప బూనెను. 2023లో సయన్ చెంగ్ ఇసుక ఎక్కడ త్రవ్వబడి ఎక్కడికి పోవుచున్నదో, దానివలన ఏ జనుల బ్రతుకులు చెదరుచున్నవో వెదకుటకు పూనుకొనెను.

పశువులపాక, వంటిల్లు, ఇసుక! వీనిని చూచుటకు కూడ వేల మైళ్లు పోవలెనా యని మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. రాజభవనములను చూచినవారు చాలమంది కలరు. ప్రతిదినము అందరి కంటికిని కనబడుచు, ఎవరును అడుగక విడిచిన విషయమును పట్టుకొన్నవారు అరుదు. ప్రశ్న గొప్పదగుటకు వస్తువు గొప్పదై యుండనక్కరలేదు.

4. దరఖాస్తులోని భాగములు

ఇట్టి దరఖాస్తులో సాధారణముగా నాలుగు పత్రములు చేరును: జీవిత వివరములు, చేసిన పనుల చిత్రసంపుటము, పరిశోధన సంకల్పము, ప్రయాణ క్రమము. నియమములు యేటేట మారవచ్చును గనుక ఆ సంవత్సరపు ప్రకటనను మొదటినుండి చివరవరకు రెండుసార్లు చదివిన తరువాతనే కలము పట్టవలెను. పిమ్మట ఈ అయిదు విషయములను సరిచూచుకొనవలెను.

మొదటిది, ప్రశ్న. అది ఒక్క వాక్యములో ఇమడవలెను. ఇమడనియెడల ఇంకను స్పష్టపడలేదని యెరుగుడు.

రెండవది, పూర్వపు పని. నిర్ణయించువారు “ఈ ప్రశ్న ఈ మనిషికి ఎక్కడనుండి వచ్చినది?” అని చూతురు. వంటశాలలను గూర్చి వ్రాసిన పుయిగ్‌జానెర్ అంతకుముందే న్యూయార్కులోని వంటగదులు లేని పాత నివాసములపై పరిశోధన చేసియుండెను. ఎరువు తెచ్చుకొన్న ప్రశ్న రెండవ పుటలోనే దొరకిపోవును. అడుగువారికి మారు చెప్పలేక వ్రాసినవాడే తడబడును.

మూడవది, ప్రయాణము యొక్క అవసరము. ప్రతి ఊరి పేరు ప్రక్కను “ఇక్కడికి పోనిదే ఏది తెలియదు?” అని వ్రాసికొనుడు. జవాబు దొరకని ఊరిని కొట్టివేయుడు. పది దేశముల పేర్లు చేర్చినంతమాత్రమున దరఖాస్తు బలపడదు. మూడుచోట్ల చాలినన్ని దినములు నిలుచుట మేలు.

నాలుగవది, కాలమును ధనమును. లక్ష డాలర్లన్నచో గొప్ప మొత్తముగా తోచును. రెండు సంవత్సరముల 730 దినములకు పంచినచో దినమునకు సుమారు 137 డాలర్లు మాత్రమే వచ్చును. అందులోనే విమానపు టిక్కెట్లు, బస, భోజనము, దుబాసీ కూలి, పటముల ఖర్చు, రోగము వచ్చినచో వైద్యమును సరిపెట్టవలెను. ఈ లెక్క వేసి చూచినవాని ప్రణాళిక మితముగను నమ్మదగినదిగను ఉండును.

అయిదవది, ఇతరులకు కలుగు లాభము. మనము కొలువబోవు ఇంటిలో మనుష్యులు కాపురముందురు. వారి అనుమతి ఎట్లు పొందుదువు? వారు చెప్పినదానిని వారి పేరనే వ్రాయుదువా? తుదకు నీ పటముల ప్రతి ఒకటి వారి చేతికి చేరునా? పరుల యింటి జ్ఞానమును మూటగట్టుకొని వచ్చి తన పేరు మాత్రము వేసికొనుట యాత్ర యనిపించుకొనదు. అది చౌర్యమునకు దగ్గర.

5. ఒక నమూనా

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము తీరములందలి చుట్టిండ్లను మీలో కొందరు చూచియుందురు. గుండ్రని మట్టిగోడ, దానిపై తాటాకు కప్పు. ఆ కప్పు చూరు నేలకు సమీపముగా దిగి యుండును. లోనికి పోవలెనన్న తల వంచవలసినదే. మూలలు లేని గోడచుట్టు గాలి ప్రక్కలకు జారిపోవును. చూరు క్రిందికి దిగియుండుటచే వాన గోడను తాకదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖతీరమును తాకినప్పుడు గాలి యెంత పని చేయగలదో ఆ ప్రాంతమువారందరును చూచిరి.

ఆ తీరమున పుట్టి వాస్తుశిల్పియైన ఒక యువతి దరఖాస్తు వ్రాయుచున్నదనుకొందము. “నేను జపాను, ఫిలిప్పీను దేశములను చూడగోరుచున్నాను” అని వ్రాసిన ఆమె పత్రము ప్రక్కకు పోవును. ఆమె ఇట్లు వ్రాయవచ్చును: “తుఫానుగాలిని మా వారు గుండ్రని గోడతోను వంగిన చూరుతోను తప్పించుకొనిరి. ఫిలిప్పీను దేశపు బటానెస్ ద్వీపములలో మందమైన రాతిగోడలపై దట్టమైన గడ్డికప్పు వేసి ఎదుర్కొనిరి. జపానులోని ఒకినావాలో ఇంటిచుట్టు రాతిగోడలను, ఫుకుగి చెట్ల వరుసలను నిలిపి గాలి వేగమును తగ్గించిరి. తప్పించుకొనుట, ఎదుర్కొనుట, తగ్గించుట అను ఈ మూడు ఉపాయములలో నేటి పేదల యిండ్లకు ఏది, ఎంత ఖర్చుతో పనికివచ్చును?”

ఇప్పుడు ప్రయాణ క్రమము దానంతట అదే యేర్పడినది. చూడవలసిన స్థలములు మూడే. ప్రతి స్థలమునకు ఒక కారణము కలదు. కొలువవలసినవి గోడ మందము, చూరు ఎత్తు, చెట్ల దూరము. అడుగవలసినవారు ఆ యిండ్లను ఏటేట బాగుచేసికొను ముదుసలులు. ఇట్టి పత్రమును చదివినవారికి ఆమె ఎందుకు పోవుచున్నదో, తిరిగి ఏమి తెచ్చునో తేటపడును.

6. ముగింపు

పోటీలో గెలుచువారు ఒక్కరే. తక్కినవారి శ్రమ వ్యర్థమా? ఒక ప్రశ్నను ఒక్క వాక్యములో నిలుపగలిగినవాడు, ఖర్చును దినముల వారీగా లెక్కింపగలిగినవాడు, తన ఊరి యింటిని కొత్త కన్నులతో చూడ నేర్చినవాడు బహుమానము రాకున్నను కొంత సంపాదించినవాడే. అతడు అదే పత్రమును సవరించి మరియొకచోటికి పంపవచ్చును. చేతనున్న సొమ్ముతో పొరుగు జిల్లాకైనను పోయి పని ఆరంభింపవచ్చును.

తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డ గోడలను, గుమ్మములను చూచుచు నిలిచి “ఇది ఇట్లేల కట్టిరి?” అని అడిగినప్పుడు విసుగుకొనకుడు. తెలిసినచో చెప్పుడు, తెలియనిచో ఆ గోడ కట్టిన తాపీమేస్త్రి యొద్దకు పంపుడు. గార్నియే తండ్రి కమ్మరి. పనిచేయు చేతుల ప్రక్కను నిలిచి నేర్చిన చదువు ఎంత దూరమైనను తీసికొనిపోవును.

అభ్యాసము

(1) మీ ఊరిలో వంద యేండ్లకు మించిన ఇల్లు ఒకదానిని ఎన్నుకొని, యజమాని అనుమతితో గోడ మందమును, చూరు ఎత్తును కొలిచి వ్రాయుడు.
(2) ఆ యింటిని గూర్చి ఒక ప్రశ్నను ఒక్క వాక్యములో వ్రాయుడు.
(3) ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకు ఏ మూడు ఊళ్లకు పోవలెను? ప్రతి ఊరికిని ఒక కారణము చూపుడు.
(4) బస్సు చార్జీలు, భోజనము, కాగితములు లెక్కించి ఖర్చుల పట్టిక తయారుచేయుడు.
(5) మీ పటముల ప్రతిని ఆ యింటివారికి అందజేసి, వారు చెప్పిన మాటను మీ వ్యాసము చివర చేర్పుడు.